కొరివి పడని వాడు

నా నవల మొదటి రూపంలో ఒక కోట తగలబడటంతో మొదలయ్యేది. అర్ధరాత్రి, చుట్టూ మంచు, బురుజుల మీద మంటలు, కింద కాగడాలు పట్టుకున్న జనం, పైన నల్లటి అంగీలో రక్తపిశాచి. రాస్తుంటే నాకే ఒళ్ళు జలదరించింది. మా అమ్మకి చదివి వినిపించాను. రెండు పేజీలు విన్నాక అడిగింది.

"ఏ ఊళ్ళో కోటే ఇది? కొండవీడా?"

"ఊహే అమ్మా. ఎక్కడో ఒకచోట అనుకో."

"కొండవీడు కోటలో తగలబడటానికి ఏముంది, అన్నీ రాళ్ళేగా. పైగా మంచంటున్నావు. మన దగ్గర మంచేంది?"

పద్నాలుగు అధ్యాయాలు రాసి పెట్టుకున్న నవల ఆ ప్రశ్నతో కూలింది. నాకు కోపమొచ్చింది, నిజమే. వారం రోజులు అమ్మకి ఏమీ చదివి వినిపించలేదు. కానీ ఆ వారంలో ఒక్క పేజీ కూడా రాయలేకపోయాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. జనవరి నుంచి మే దాకా తలెత్తే తీరిక ఉండదు. టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటా, తరుగు (తూకంలో కోసేసే భాగం), హమాలీల కూలి, రైతు ముందే తీసుకున్న బాకీ, కోల్డ్ స్టోరేజీ అద్దె. ఇంటికొచ్చి చున్నీ దులిపితే ఇంట్లో అందరికీ తుమ్ములు. జూన్ వస్తే కాస్త ఊపిరాడుతుంది, అప్పుడు రాసుకుంటాను. రక్తపిశాచాల కథ రాయాలన్న పిచ్చి డిగ్రీ రోజుల్లో పట్టింది. ఆ కథల్లో నాకు నచ్చినవి రెండే: మంట, తిరుగుబాటు. తరతరాలుగా ఒక ఊరిని పీల్చుకు తింటున్నవాడి మీద ఆ ఊరు ఒక రాత్రి లేచి నిప్పు పెడుతుంది. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. మా అమ్మకి మొదటిసారి వాంపైర్ నవల అని చెబితే "అంపైరా? క్రికెట్టా?" అంది. అప్పుడే జాగ్రత్త పడాల్సింది.

విజయవాడలో కాలేజీలో తెలుగు చెప్పే స్నేహితురాలు ఒకామె ఉంది. ఆ పద్నాలుగు అధ్యాయాలూ చదివి ఒక్కటే మాట అంది. "డబ్బింగ్ సినిమాలా ఉందే. పెదాలు ఒకలా కదులుతున్నాయి, మాట ఇంకోలా వినబడుతోంది." నా నాయిక పేరు అప్పుడు ఐరా. పల్నాడు పొలాల్లో పెరిగిన పిల్లకి ఐరా అని పేరు పెట్టానంటే నేనెంత దూరం పోయానో చూడండి.

సరే, రాయడం ఆపి చదవడం మొదలుపెట్టాను. అసలీ రక్తపిశాచి కథల్లోకి మంట ఎక్కడ నుంచి వచ్చింది, తిరుగుబాటు ఎక్కడ నుంచి వచ్చింది అని.

దొరికింది చూసి ఆశ్చర్యపోయాను. 1815 ఏప్రిల్‌లో ఇండోనేసియాలో తంబోరా అనే అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద ఆకాశాన్ని కమ్మేసి, మరుసటి ఏడాది ఐరోపాలో ఎండాకాలమే రాలేదు. 1816లో జెనీవా సరస్సు పక్కన ఒక ఇంట్లో, ఎడతెగని వానకి బయటికి పోలేక, కవి బైరన్, అతని స్నేహితులు దెయ్యాల కథలు రాసుకుందాం అని పందెం వేసుకున్నారు. బైరన్ వెంట ఉన్న డాక్టరు పోలిడోరి రాసిన రక్తపిశాచి కథ 1819లో అచ్చయింది. అంతకుముందు పల్లెటూరి శవంలా ఉబ్బిపోయి కనిపించే పిశాచి, దాంతో జమీందారులా బట్టలు వేసుకుని పెద్దింటి పెళ్ళిళ్ళకి వెళ్ళడం నేర్చుకుంది. ఆ పిశాచికి పోలిక బైరనే అంటారు. ఆ బైరన్ 1812 ఫిబ్రవరిలో ఇంగ్లండు ప్రభువుల సభలో చేసిన మొదటి ప్రసంగం ఎవరి తరఫున అనుకున్నారు? మగ్గాల యంత్రాలు పగలగొట్టిన నేత పనివాళ్ళ తరఫున. వాళ్ళకి ఉరిశిక్ష వేసే చట్టం వస్తుంటే లేచి నిలబడి వద్దన్నాడు. చివరికి గ్రీకుల స్వాతంత్ర్య యుద్ధంలో చేరి 1824లో అక్కడే జ్వరంతో పోయాడు. అంటే ఈ కథ పుట్టుకలోనే ఒక కొండ మంటా, ఒక తిరుగుబాటుదారు నీడా ఉన్నాయి. మంగళగిరి నేతగాళ్ళ వీధిలో ఈ ముచ్చట చెబితే నా కన్నా బాగా అర్థం చేసుకుంటారు.

ఇదంతా బాగుంది కానీ నా నవలకి పనికొచ్చింది అది కాదు. ఇంకో వందేళ్ళు వెనక్కి వెళితే దొరికింది.

సెర్బియాలో ఒక పల్లె. 1732లో ఆస్ట్రియా సైన్యం డాక్టర్లు ఆ ఊరి సమాధులు తవ్వించి రాసిన నివేదిక ఒకటుంది. ఆర్నాల్డ్ పావ్లె అనే అతను చచ్చిపోయి మళ్ళీ లేచి వచ్చి జనాన్ని చంపుతున్నాడని గోల పుట్టాక జరిగిన విచారణ అది. కుళ్ళకుండా ఉన్నాయనుకున్న శవాలకి తలలు తీసి, కాల్చి, బూడిదని మొరావా నదిలో కలిపారు. ఇలాంటి గోలలు పెరిగిపోయి, చివరికి 1755లో మహారాణి మరియా తెరీసా తన సొంత డాక్టరుని పంపి విచారణ చేయించి, సమాధులు తవ్వడం, శవాలు కాల్చడం ఆపమని ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది.

కాల్చి, బూడిదని నదిలో కలిపారు. ఆ ముక్క నాలుగుసార్లు చదివాను. పిశాచిని వదిలించుకోడానికి వాళ్ళు ఏదైతే చేశారో, అది మనం ఇంట్లో ఎవరు పోయినా చేస్తాం. మూడో రోజు అస్థికలు ఏరి, కృష్ణలో కలిపి, స్నానం చేసి ఇంటికొస్తాం. వాళ్ళ భయానికి విరుగుడు మన మామూలు ఆచారం! మరి అలాంటప్పుడు మన దగ్గర రక్తపిశాచి ఎలా పుడుతుంది? లేచి రావడానికి శవం ఏది?

ఇక్కడ ఒక తప్పు చేశాను. చెప్పుకోడానికి సిగ్గే, అయినా చెబుతాను. మన దగ్గర కూడా పూడ్చిపెట్టేవాళ్ళు ఉన్నారు కదా, అక్కడ నుంచి పిశాచి లేస్తుందని రాసేశాను. ఊరి చివర సమాధులు, వెన్నెల, మట్టి కదలడం. నాకు తెలియకుండానే సీను చాలా బాగా వచ్చింది. మా కొట్లో కాటా దగ్గర కూర్చునే అన్నకి కథలంటే ఇష్టం, సాయంత్రం టీ తాగుతూ ఆ పేజీలు చదివాడు. కాగితాలు మడిచి నా బల్ల మీద పెట్టి, "మా నాయనమ్మని అట్లాంటి చోటే పెట్టాం చెల్లెమ్మా. నెలకోసారి పోయి కొవ్వొత్తి వెలిగించి వస్తాను" అన్నాడు. ఇంకేమీ అనలేదు. టీ గ్లాసు పట్టుకుని కాటా దగ్గరికి వెళ్ళిపోయాడు.

మన దగ్గర పూడ్చిపెట్టేది ఎవరిని? క్రైస్తవుల్ని, ముస్లింల్ని, చాలా దళిత కుటుంబాల వాళ్ళని, లింగధారుల్ని, పసిపిల్లల్ని. నేను ఊరిని పీల్చుకు తినేవాడి కథ రాస్తానంటూ, ఊరు ఎవర్ని చివరకి నెట్టిందో వాళ్ళ సమాధుల్లో నుంచే రాక్షసుణ్ణి లేపాను. ఆ రాత్రే ఆ అధ్యాయం చెరిపేశాను. బాగా వచ్చిందన్న దిగులు మాత్రం చాలా రోజులు ఉండిపోయింది.

మరుసటి ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా ఇంట్లో పండు మిరపకాయల పచ్చడి పెడుతున్నాం. మా పిన్ని కూడా వచ్చింది. తొడిమలు తీసి, తడి లేకుండా తుడిచి, ఉప్పు, చింతపండు వేసి రోట్లో దంచడం. మిక్సీలో వేస్తే రుచి రాదని మా అమ్మ ఏటా అదే మాట. చేతులు మండిపోతున్నాయి. మా పిన్ని కూతురు, పదేళ్ళది, అడిగింది: "పెద్దమ్మా, దీన్ని కొరివి కారం అని ఎందుకంటారు? కొరివి దెయ్యం తింటదా?"

అందరూ నవ్వారు. నేను రోకలి పక్కన పెట్టేశాను.

కొరివి. కాలుతున్న కట్టె. కొరివి కారం. చీకట్లో పొలాల మీద మంటలు పట్టుకుని తిరిగే కొరివి దెయ్యం. కొరివితో తల గోక్కోవడం. తలకొరివి. నాకు కావలసిన మంట, కారం, చావు, దెయ్యం అన్నీ ఒకే మాటలో ఉన్నాయి, ఆ మాట నా వంటింట్లో ఉంది. నేను మాత్రం అగ్గిపెట్టె కోసం ఐరోపా వెళ్ళాను.

చేతులు కడుక్కోకుండానే పరిగెత్తి నోట్‌బుక్కులో రాశాను. ఆ పేజీ మీద ఇప్పటికీ ఎర్ర మరక ఉంది. 'కొరివి పడని వాడు' అని రాశాను. ఎవరి తలకి ఎవరూ కొరివి పెట్టలేదో వాడు పోడు. ఆకలితో తిరుగుతుంటాడు. ఇంతే సూత్రం. శవం పూడ్చారా కాల్చారా అన్నది కాదు, వీడు నావాడు అని నిప్పు పట్టుకుని ముందుకొచ్చే మనిషి ఒకరైనా ఉన్నారా లేదా అన్నదే. ఊరందర్నీ పిండుకు తిన్నవాడికి అలాంటి మనిషి ఉండడు. కనక వాడికి చావు లేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్న పోయినప్పుడు నేను ఒక్కదాన్నే సంతానం. ఆడపిల్ల శ్మశానానికి రాకూడదన్నారు. మా చిన్నాన్న కొడుకు, ఇంటర్ చదువుతున్న పిల్లాడు, వాడు పెట్టాడు కొరివి. నేను గడప దగ్గర నిలబడి వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూశాను. ఈ నవలకీ దానికీ సంబంధం ఉందని ఆ పచ్చడి రోజు దాకా నేను అనుకోలేదు. ఆ తరవాత ఇంకో మాట అనుకోవడం కుదరలేదు.

మంట దొరికింది. తిరుగుబాటు ఇంకా దొరకలేదు. కాగడాలు పట్టుకుని జనం పరిగెత్తడం తప్ప నా బుర్రలో ఇంకో బొమ్మ లేదు. అన్ని సినిమాల్లో అదే కదా.

మా తాత వాళ్ళది పల్నాడు వైపు ఊరు. చిన్నప్పుడు ఆయన 'పుల్లరి' అన్న మాట వాడుతుండేవాడు, ఎవరైనా అనవసరంగా డబ్బడిగితే "ఏంది, పుల్లరా?" అనేవాడు. అది అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు కట్టాల్సిన పన్ను అని తరవాతెప్పుడో తెలిసింది. దాన్ని కట్టబోమని ఎదురు తిరిగిన మించాలపాడు కన్నెగంటి హనుమంతుని 1922 ఫిబ్రవరి 22న కాల్చి చంపారు. ఇది మన బడి పుస్తకాల్లో ఒక పేరాగా వచ్చిపోతుంది. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయానికి వెళ్ళి ఆ రోజుల గురించి ఏం దొరికితే అది చదివాను. చదువుతూ తేదీలు ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాను. ఆ కాగితమే నా నవలని మార్చింది.

1921లో చీరాల, పేరాల జనం పెరిగిన మునిసిపాలిటీ పన్ను కట్టబోమన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఇళ్ళు వదిలేసి ఊరి బయట రామనగరం కట్టుకుని పాకల్లో సుమారు 11 నెలలు ఉన్నారు. చీరాల అప్పుడు గుంటూరు జిల్లాలోదే. 1922 మొదట్లో పెదనందిపాడు చుట్టుపక్కల పర్వతనేని వీరయ్య చౌదరి వెంట రైతులు భూమి శిస్తు ఆపేశారు. గ్రామాధికారులు రాజీనామాలు ఇచ్చారు. ఫిబ్రవరి 4న ఉత్తరాన చౌరీచౌరాలో జనం పోలీస్ స్టేషన్‌కి నిప్పు పెట్టారు, లోపలున్న పోలీసులు కాలిపోయారు. ఆ నెలలోనే గాంధీగారు సహాయ నిరాకరణ ఆపేశారు. అంటే అక్కడ పెట్టిన మంట, ఇక్కడ ఏ మంటా పెట్టకుండా శిస్తు ఆపిన రైతుల పోరాటాన్ని ఆర్పింది. ఆ తరవాత పది రోజులకి హనుమంతు మీద తుపాకులు పేలాయి.

ఆ కాగితం అడుగున ఇంకో తేదీ రాసుకున్నాను. 1922 మార్చి. ఆ నెలలో జర్మనీలో విడుదలైన ఒక మూకీ సినిమాలో మొదటిసారి సూర్యకాంతి తగిలి రక్తపిశాచి చచ్చిపోయింది. అంతకు ముందు కథల్లో వాళ్ళు పగలు కూడా తిరిగేవాళ్ళు. హనుమంతు పోయిన కొన్ని రోజులకే అక్కడ పిశాచికి ఎండ కొత్త శత్రువైంది. రెంటికీ ఏ సంబంధమూ లేదు, నాకు తెలుసు. కానీ నవల రాసేవాళ్ళకి ఇలాంటివి చాలు.

నిప్పు పెట్టడం ఒక్కటే తిరుగుబాటు కాదని నాకు ఆ కాగితం చెప్పింది. కట్టను అనడం తిరుగుబాటు. ఊరు ఖాళీ చేసి పోవడం తిరుగుబాటు. ఇంకా చెప్పాలంటే, నిప్పు ఎవరు, ఎప్పుడు, ఎవరి తల దగ్గర పెట్టారన్నది తప్పితే మొత్తం పోతుంది. నా మొదటి నవల్లో కోట తగలబడినట్టు తగలబెడితే ఏదో అయిపోయిందనిపిస్తుంది, అంతే.

అప్పటి నుంచి కథ తనంతట తాను నడిచింది. నా పిశాచి పుల్లరి వసూలు చేసే ఆమీను. అడవిలో చచ్చిపోయాడు, వెతకడానికి ఎవరూ పోలేదు. మళ్ళీ వచ్చాడు, అదే సంచి, అదే లెక్కల పుస్తకం. ఇంటికో మనిషి, నెలకింత అని రాసుకుంటాడు, రసీదు ఇస్తాడు. లెక్కలు రాసేదాన్ని కాబట్టి ఆ పుస్తకం పేజీలు మాత్రం భలే సరదాగా రాశాను. పాత బాకీ, వడ్డీ, తరుగు. రక్తానికి తరుగు తీయడం అన్న ఆలోచన మా కాటా అన్నదే. చెప్పి పగలబడి నవ్వాడు. సమాధుల సీను తరవాత నాతో అలా నవ్వడం అదే మొదలు.

పిలవకుండా పిశాచి ఇంట్లోకి రాలేడని ఐరోపా కథల్లో ఒక నియమం ఉంది. దాన్ని పట్టుకుని నెల రోజులు కొట్టుకున్నాను, ఎందుకంటే మన ఇళ్ళల్లో గుమ్మంలో ఎవరు నిలబడినా నోట్లో నుంచి ముందు 'రండి' అనే వస్తుంది. మర్యాదతోనే చస్తాం. తరవాత మా చిన్నప్పటి తలుపులు గుర్తొచ్చాయి. సుద్దతోనో బొగ్గుతోనో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్ళు. దెయ్యం వచ్చి చదువుకుని వెళ్ళిపోతుంది, మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ చదువుకుంటుంది. అప్పులవాళ్ళకి చెప్పేదీ అదే మాట. నా నవల్లో ఊరంతా ఒక రాత్రి తలుపుల మీద 'ఆమీనూ రేపు రా' అని రాస్తుంది. లేనని చెప్పరు, ఇవ్వనని చెప్పరు. రేపు రా. మూడో వారానికి ఆకలితో ఆమీను రచ్చబండ మీద కూర్చుని పుస్తకం తిరగేస్తుంటాడు. తరవాత చీరాల వాళ్ళలాగా ఊరు ఊరే లేచి పోతుంది. రమ్మని పిలవడానికి గుమ్మంలో మనిషే ఉండడు.

ఐరోపా కథల్లో పిశాచిని తరిమే వెల్లుల్లి మన దగ్గర పని చేయదు కదా అని అందరూ అడుగుతారు. మన వంటల్లో వెల్లుల్లికి భయపడేవాడు పల్నాడులో వారం బతకడు. నాకు మిర్చి ఉంది. కాస్త సైన్సు చెబుతాను: మిరపకాయలో ఉండే కాప్సైసిన్, మన నరాల్లో వేడిని కనిపెట్టే గ్రాహకాన్నే తడుతుంది. 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే ఏది మేలుకుంటుందో అదే. అందుకే కారం 'మండుతుంది'. అది మాట వరసకి అనడం కాదు, ఒంటికి నిజంగానే నిప్పు తగిలినట్టు కబురు వెళుతుంది. పక్షులకి ఆ కబురు అందదు, చిలకలు హాయిగా తింటాయి. చచ్చిన నరాలకి కూడా అందదు కదా? ఇంట్లో దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేస్తాం, ఘాటు రాకపోతే గట్టి దిష్టి తగిలిందంటారు. నా నవల్లో ముసలమ్మ ఒకతి కుంపట్లో దోసెడు మిరపకాయలు పోస్తుంది. గది నిండా మనుషులు దగ్గుతారు, కళ్ళు తుడుచుకుంటారు, బయటికి పరిగెత్తుతారు. ఒక్కడు మాత్రం కదలకుండా, రెప్ప వేయకుండా కూర్చుని ఉంటాడు. ఈ సీను రాయడానికి నాకు ఊహ అక్కర్లేదు. ఎండాకాలంలో కోల్డ్ స్టోరేజీకి నిప్పంటుకుంటే రోడ్డవతల నిలబడ్డా ఊపిరాడదు.

ముగింపులో దుర్గమ్మని దించమని నా స్నేహితురాలు సలహా ఇచ్చింది. దసరాకి ఇంద్రకీలాద్రి క్యూలో నిలబడి మరీ చెప్పింది, రక్తబీజుడి కథ ఉంది కదా, నేల మీద పడ్డ ప్రతి చుక్కకీ ఒకడు లేస్తాడు, కాళి తాగేస్తుంది, ఎంత బాగుంటుందో చూడు అని. బాగుంటుంది, అనుమానం లేదు. నేను ఒప్పుకోలేదు. అమ్మవారు దిగితే ఊరివాళ్ళకి పనేం ఉంటుంది? వాళ్ళు 'రేపు రా' అని రాసుకున్న తలుపులకి విలువేం ఉంటుంది?

ఐరా పేరు మార్చి కోటమ్మ అని పెట్టాను. ఆమీను తాగి తాగి చంపిన ఒక మనిషి కూతురు. వాణ్ణి కత్తితో పొడిచి చంపదు. వాడి తలకి కొరివి పెడుతుంది. పెట్టాలంటే, వీడికి నేను వారసురాలిని అని నలుగురిలో చెప్పాలి. తండ్రిని తిన్నవాడికి కూతురినని ఒప్పుకోవాలి. ఆడపిల్ల కాష్ఠం దగ్గరికి రావడానికి వీల్లేదని అడ్డంపడేది మళ్ళీ ఊరే, నిన్నటిదాకా కలిసి తలుపుల మీద రాసిన ఊరే. చివరి తిరుగుబాటు ఆమీను మీద కాదు. అది రాసేటప్పుడు నాకు తెలిసింది, ముందు తెలియదు. ఈ నవలలో నేను ముందే అనుకుని రాసినవన్నీ పేలవంగా ఉన్నాయి.

కాష్ఠం గురించి నాకు ఏమీ తెలియదు. చూడనిస్తే కదా. మా వైపు ఒక శ్మశానంలో పని చేసే పెద్దాయన్ని గేటు బయట నిలబడి అడిగాను. మొదట అనుమానంగా చూశాడు, ఎవరన్నా పోయారా అన్నాడు. కథ కోసం అంటే నవ్వి, బాగానే చెప్పాడు. నాలుగు క్వింటాళ్ళు కట్టె పడుతుందని, తుమ్మ అయితే నిలిచి కాలుతుందని, వానాకాలంలో తడి కట్టెతో నరకమని, జనం అరగంట ఉండి వెళ్ళిపోతారని, ఆ తరవాత రాత్రంతా కర్రతో ఎగదోస్తూ ఉండేది తనేనని. "నిప్పు పెట్టేది కొడుకమ్మా. కాల్చేది మేం." ఆ పెద్దాయన మూడో భాగం మొత్తం నడిపాడు. కాటికాపరి అన్న పాత్ర నా పాత నవల్లో లేనే లేదు.

పోయిన నెలలో ఆఖరి అధ్యాయం పూర్తయింది. అమ్మకి చదివి వినిపించాను. నాన్న పోయాక మేమిద్దరం ఆ రోజు గురించి ఎప్పుడూ సరిగ్గా మాట్లాడుకోలేదు. కోటమ్మ నీళ్ళ కుండ భుజాన పెట్టుకుని చుట్టూ తిరిగే చోట ఆపింది.

"కుండ ఏ భుజం మీద అని రాశావు?"

"కుడి."

"ఎడమ అనుకుంటానే." కాసేపు ఆలోచించింది. "నాకెట్లా తెలుస్తుంది. మమ్మల్ని రానిస్తేగా."

నాన్నకి కొరివి పెట్టిన తమ్ముడికి ఫోన్ చేశాం. వాడిప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. రాత్రి తొమ్మిదిన్నర, అన్నం తింటున్నాడు.

"ఎడమ భుజం అక్కా. మూడుసార్లు తిరగాలి, చుట్టుకొక చిల్లు పెడతారు, మూడోదానికి వెనక్కి చూడకుండా కుండ వదిలెయ్యాలి." ఆగాడు. "పెదనాన్నకి నేను రెండు చుట్లే తిరిగాను. చెయ్యి వణికి కుండ ముందే జారి పగిలిపోయింది. పంతులుగారు ఫర్వాలేదు పద అన్నారు. ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు నేను."

అమ్మ స్పీకర్‌లో వింటోంది. ఏమీ అనలేదు. కాసేపటికి "ఆ వయసులో నీకేం తెలుసురా, చిన్నపిల్లాడివి. అన్నం చల్లారిపోతుంది, తిను" అంది.

ఆ పగిలిన కుండని కథలో పెట్టుకోవచ్చా అని అడిగాను.

"పెట్టుకో," అన్నాడు. "నా పేరు మాత్రం రాయకు."